స్టేడియం గాల్, ఇరున్: తొమ్మిదో నంబర్ ఆటగాణ్ణి దగ్గర నుంచి చూడాలంటే

స్పెయిన్ ఉత్తరాన సాన్ సెబాస్టియన్ దాకా వచ్చారంటే, ఫుట్‌బాల్ అంటే ఇష్టం ఉన్నవాళ్ళయితే, ఒక ఆదివారం ఖాళీ ఉంచుకుని ఇరున్ వెళ్ళండి. రియల్ యూనియన్ అనే పాత క్లబ్బు ఊరది, దాని మైదానం పేరు స్టేడియం గాల్. 2022-23 సీజన్‌లో నేను ఉద్యోగం మీద సాన్ సెబాస్టియన్‌లో ఉన్నాను, అప్పుడు ఐదుసార్లు టికెట్ కొని ఈ మైదానానికి వెళ్ళాను, ఆ ఐదింటికీ కలిపి ఈ రివ్యూ. పెద్ద పేర్లు చూడాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. కింది డివిజన్లలో ఏడాదికో ఊరు మారుతూ, గోల్స్ కొట్టి ఇల్లు నడుపుకునే స్ట్రైకర్, అదే తొమ్మిదో నంబర్ ఆటగాడి పని అసలు ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం నాకు ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు.

నేనెందుకు వెళ్ళానో చెప్పాలి, లేకపోతే ఇంత ఇష్టం ఎందుకో అర్థం కాదు.

2020 చివర్లో కరోనా వల్ల ఇండియన్ సూపర్ లీగ్ మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా, మూడు మైదానాల్లో నడిపారు. మాది గచ్చిబౌలి. మా హైదరాబాద్ ఎఫ్‌సీ అంతకుముందు సీజన్‌లో 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది, కోచ్‌గా ఉండాల్సిన ఆల్బెర్ట్ రోకా బార్సిలోనా పిలిస్తే వెళ్ళిపోయాడు, అంతా అయోమయంగా ఉంది. అప్పుడు మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు, ముందువరసలో అరిడానే సంటానా వచ్చాడు, కెప్టెన్ కూడా అతనే. నవంబర్ 23న ఒడిశాతో మొదటి మ్యాచ్‌లో పెనాల్టీ కొట్టి 1-0తో గెలిపించాడు. ఆ సీజన్ మొత్తం మీద 10 గోల్స్. మా ఇంట్లో అప్పటిదాకా ఫుట్‌బాల్ చూడని అమ్మ కూడా "ఆ పొడుగాయన వచ్చాడా" అని అడిగేది.

డిసెంబర్ 30న వాస్కోలో ఎఫ్‌సీ గోవాతో మ్యాచ్. 58వ నిమిషంలో అరిడానే గోల్, 87వ నిమిషం దాకా ఆ మ్యాచ్ మాదే. ఇషాన్ పండిత వచ్చి సమం చేశాడు, అదనపు సమయం మొదటి నిమిషంలో ఇగోర్ అంగులో రెండోది కొట్టాడు. 2-1. నాన్న రిమోట్ పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయారు. నాకు నిద్ర పట్టలేదు, ఈ అరిడానే, అంగులో ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, 30 దాటాక గోవాలో ఖాళీ స్టేడియంలో ఏం చేస్తున్నారు అని చదువుతూ కూర్చున్నాను.

చదివితే ఇద్దరి కథా దాదాపు ఒకటే. అరిడానే కానరీ దీవుల మనిషి, ఆ పేరే అక్కడి పాత భాష నుంచి వచ్చింది. 2013లో టెనెరిఫె మూడో అంచె నుంచి రెండో డివిజన్‌కి ఎక్కినప్పుడు ఆ జట్టుకి గోల్స్ కొట్టినవాళ్ళలో ఒకడు. తరవాత ఇంకా ఊళ్ళు మారి, లెయోన్‌లో కుల్తురాల్ లెయోనెసాకి మూడో అంచెలోనే ఆడి, అక్కణ్ణుంచి 2019లో ఒడిశాకి వచ్చాడు, అక్కడ 9 గోల్స్, ఆ పైన మన దగ్గరికి. అంగులోది బిల్బావో. 1984లో పుట్టాడు, ఆ ఊరి పెద్ద క్లబ్బు అథ్లెటిక్‌లోనే పెరిగాడు, కానీ పెద్ద జట్టుకి ఆడింది వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లే. ఆ తరవాత పొట్ట చేతపట్టుకుని బయల్దేరాడు. సోరియాలో నుమాన్సియా, ఇరున్‌లో ఇదే రియల్ యూనియన్, సైప్రస్, గ్రీస్, చివరికి పోలండ్‌లో గూర్నిక్ జాబ్జె. ఆ క్లబ్బు 14సార్లు పోలండ్ ఛాంపియన్, అయినా అతను చేరేసరికి రెండో డివిజన్‌కి పడిపోయి ఉంది. ఏడాదిలో దాన్ని పైకి తెచ్చిన జట్టులో గోల్స్ ఇతనివే ఎక్కువ. 2018-19లో 24 గోల్స్‌తో పోలండ్ లీగ్ టాప్ స్కోరర్, అప్పటికి 35 ఏళ్ళు! ఆ తరవాత గోవా వచ్చి 14 గోల్స్‌తో గోల్డెన్ బూట్, మరుసటేడు ముంబై సిటీకి 10.

బిల్బావో, సోరియా, ఇరున్ అని పేర్లు చదువుతుంటే అప్పుడు నాకవి ఉత్త పేర్లే. రెండేళ్ళకి ఉద్యోగం తీసుకెళ్ళి ఇరున్‌కి పక్కనే దింపింది, సామాను సర్దుకున్న రెండో వారమే బయల్దేరాను.

ఇక వెళ్ళే దారి. సాన్ సెబాస్టియన్ అమారా స్టేషన్‌లో టోపో ఎక్కాలి. టోపో అంటే స్పానిష్‌లో పందికొక్కు లాంటి, నేల కింద తవ్వుకుపోయే జంతువు, సొరంగాల్లోంచి పోతుందని ఆ రైలుకి ఆ పేరు. అరగంటకి కాస్త ఎక్కువ పడుతుంది. ఇరున్ కోలోన్‌లో దిగి నది వైపు నడవండి, ఆదివారాల్లో తెలుపు నలుపు మఫ్లర్లు వేసుకున్నవాళ్ళు ఎటు పోతుంటే అటు. ఆ నది బిడసోవా, అవతలి గట్టు ఫ్రాన్స్. నది మధ్యలో ఒక చిన్న దీవి ఉంది, నెమలి జాతి పక్షుల పేరు దానికి. అది ఆరు నెలలు స్పెయిన్ చేతిలో, ఆరు నెలలు ఫ్రాన్స్ చేతిలో ఉంటుంది, 1659లో రెండు దేశాల మధ్య సంధి కుదిరింది కూడా అక్కడే. జనవరిలో ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకి ఆరు నెలలకి అప్పు మీద పోయే ఆటగాళ్ళు గుర్తొచ్చారు నాకు దాన్ని చూస్తే.

టికెట్ గేటు దగ్గరే కొన్నాను, పెద్ద క్లబ్బుల స్టేడియం టూర్‌కి, అంటే ఖాళీ కుర్చీలు చూడ్డానికి అడిగే డబ్బు కంటే తక్కువే. లోపల ఐదారు వేల మంది పట్టే చోటు, ఎప్పుడూ నిండదు కాబట్టి సీటు గురించి టెన్షన్ లేదు. గొడుగు కాదు, టోపీ ఉన్న జాకెట్ వేసుకోండి. ఆ ప్రాంతంలో సిరిమిరి అంటారు, కంటికి కనబడనంత సన్నటి తుంపర, పది నిమిషాలదాకా తడుస్తున్నట్టే తెలియదు, తరవాత ఎముకల్లోకి దిగుతుంది.

ఎక్కడ కూర్చోవాలన్నదే అసలు విషయం. మధ్యగీత దగ్గర బాగా కనిపిస్తుందని అందరూ అటు పోతారు. మీరు పోకండి. ఇంటి జట్టు ఏ గోల్ వైపు ఆడుతోందో చూసుకుని, ఆ గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌కి సమానంగా, వీలైనంత కింది వరసలో కూర్చోండి. సెకండాఫ్‌లో అటు నుంచి ఇటు మారండి, ఎవరూ ఏమీ అనరు.

అక్కడ కూర్చుంటే టీవీలో ఎన్నడూ కనబడనివి కనబడతాయి. మొదటిది చప్పుడు. డిఫెన్స్ మధ్యలో ఆడే సెంటర్ బ్యాక్, స్ట్రైకర్ ఇద్దరూ ఒకే బంతికి ఎగిరినప్పుడు ఎముకకి ఎముక తగిలే చప్పుడు వినిపిస్తుంది, నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. ఇద్దరూ లేచి, ఏమీ జరగనట్టు షార్ట్స్ దులుపుకుని మళ్ళీ ఒకరి పక్కన ఒకరు నిలబడతారు. రెండోది చేతులు. బంతి ఇంకా తమ గోల్‌కీపర్ దగ్గరే ఉండగా తొమ్మిదో నంబర్ వీపుతో డిఫెండర్‌ని ఆనుకుని, మోచెయ్యి వెనక్కి పెట్టి, అతను ఎటు బరువు వేస్తున్నాడో తడిమి చూసుకుంటూ ఉంటాడు, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు. బంతి వచ్చేసరికి ఎటు తిరగాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది. అరిడానే ఛాతీతో బంతి ఆపి పక్కకి ఇవ్వడం మనం ఎన్నోసార్లు టీవీలో చూశాం, "భలే ఆపాడు" అనుకున్నాం. ఆపడానికి ముందు ఐదు సెకన్ల పాటు జరిగిన ఆ కుస్తీ కెమెరాలో ఎప్పుడూ లేదు.

మూడోది, నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది, బంతి రాని పరుగులు. రెండోసారి వెళ్ళినప్పుడు పక్క సీట్లో ఒక పెద్దాయన, డెబ్బై పైనే ఉంటాయి, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటూ కూర్చున్నారు. నాకు స్పానిష్ అంతంత మాత్రం, ఆయన ఓపిగ్గా మెల్లగా మాట్లాడారు. ఇండియా నుంచి వచ్చానని, స్ట్రైకర్లని చూడాలని వచ్చానని చెప్తే, "అయితే బంతిని చూడకు, అతన్నే చూడు, బంతి రాని పరుగులు లెక్కపెట్టు" అన్నారు. ఫస్టాఫ్ అంతా ఎదుటి జట్టు తొమ్మిదో నంబర్‌ని లెక్కపెట్టాను. జుట్టు పల్చబడ్డ మనిషి, 34 పైనే ఉంటాయనిపించింది. మొత్తం 19 పరుగులు. దగ్గరి పోస్టుకి, దూరపు పోస్టుకి, డిఫెండర్ల మధ్యలోకి, పక్క గీత దాకా. బంతి అందింది మూడుసార్లు. అందులో ఒకటి ఆఫ్‌సైడ్. ప్రతి పరుగు తరవాతా బంతి ఇవ్వనివాడి వైపు బొటనవేలు పైకెత్తి చూపించి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. 19 సార్లూ నిజంగా పరిగెత్తాడు, ఒక్కటి కూడా మొక్కుబడిగా కాదు. అంగులో అదనపు సమయంలో కొట్టిన గోల్‌కి అతను సరిగ్గా అక్కడ ఎలా ఉన్నాడన్నది రెండేళ్ళుగా నాకు అంతుపట్టలేదు. ఇలాంటి మైదానాల్లో పదిహేనేళ్ళు, ఎవరూ చూడని పరుగులు చేసి చేసి అక్కడికి చేరాడు. ఆ గోల్ మా మీద పడిందన్న బాధ ఆ ఆదివారంతో పోయింది.

అప్పుడు రియల్ యూనియన్ ఆడుతున్న మూడో అంచె లెక్కలు కూడా కొంచెం తెలిసి ఉంటే మ్యాచ్ ఇంకా బాగా పడుతుంది. అంగులో, అరిడానే ఆడిన రోజుల్లో మూడో అంచె పేరు సెగుందా బే. నాలుగు గ్రూపులు, గ్రూపుకి 20, మొత్తం 80 జట్లు. వాటిలో ఏడాదికి పైకెళ్ళేవి నాలుగే. అంటే 76 జట్ల స్ట్రైకర్లకి ఆ ఏడు పడ్డ కష్టమంతా మళ్ళీ మొదటికే. కాంట్రాక్టులు చాలావరకు ఒక్క ఏడాదివి, జూన్ రాగానే ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూడాలి, మోగితే కొత్త ఊళ్ళో అద్దిల్లు వెతుక్కోవాలి. డిఫెండర్ ఒక ఏడు బాగా ఆడలేదంటే ఎవరికీ పెద్దగా గుర్తుండదు. స్ట్రైకర్‌కి మాత్రం పేరు పక్కనే అంకె ఉంటుంది, 4 గోల్స్ అంటే 4 గోల్స్, ఆ అంకె చూసే తరవాతి ఊరు పిలుస్తుంది. 2021లో ఈ అంచెని తిరిగి కట్టారు, ఇప్పుడు 40 జట్లు, రెండు గ్రూపులు, పైకి పోయేవి ఇప్పుడూ నాలుగే. లెక్క కాస్త మెరుగు, బతుకు మాత్రం అదే.

పైకి వెళ్ళినవాళ్ళు లేరని కాదు. సాన్ సెబాస్టియన్ వాడే అరిట్జ్ అడూరిజ్ కింది అంచెల్లో ఆడి ఆడి, 35 ఏళ్ళ వయసులో 2016 యూరోకి స్పెయిన్ జట్టులో వెళ్ళాడు. ఈ ఊళ్ళల్లో ఎవరితో స్ట్రైకర్ల గురించి మాట్లాడినా ముందు ఆ పేరు వస్తుంది. అయితే అలాంటివాడు తరానికొకడు. మిగతావాళ్ళకి దారి విదేశాలే. పోలండ్‌లో 2017-18లో అంగులో 23 గోల్స్ కొడితే, ఒక్క గోల్ ఎక్కువ కొట్టి టాప్ స్కోరర్ అయిన కార్లిటోస్ కూడా స్పెయిన్ కింది అంచెల నుంచి వెళ్ళినవాడే. మన దగ్గరికి వచ్చిన మనోలో మార్కెజ్ కూడా బాదలోనా లాంటి చిన్న క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి కోచింగ్ చేసి, లాస్ పాల్మాస్‌తో కొన్నాళ్ళు మొదటి డివిజన్ చూసి వచ్చిన మనిషి. హైదరాబాద్‌లో అంత ఓపికగా కుర్రాళ్ళని ఆడించాడంటే ఆ అలవాటు ఇక్కడిదే అని నేను నమ్ముతున్నాను.

హాఫ్‌టైమ్ తిండి. బ్రెడ్డు మధ్యలో బంగాళదుంప ఆమ్లెట్ పెట్టి ఇస్తారు, గుడ్డు తినేవాళ్ళకి చాలు, శాకాహారం వాళ్ళు ఊళ్ళోనే తినేసి వెళ్ళండి. కాఫీ చిన్న కప్పులో, చిక్కగా, వేడిగా, ఆ వానలో అది అమృతం. స్పెయిన్ స్టేడియాల్లో మద్యం అమ్మరు, ఆల్కహాల్ లేని బీరు మాత్రం ఉంటుంది, అందుకే చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబాలు చాలా కనిపిస్తాయి. పొద్దుతిరుగుడు గింజల పొట్లం ఒకటి కొనుక్కోండి, మ్యాచ్ అయ్యేసరికి కాళ్ళ కింద నేలంతా పొట్టు పరుచుకుని ఉంటుంది, అక్కడ అది మామూలే.

క్లబ్బు చరిత్ర ఒక్క ముక్కలో చెప్పలేం, కానీ ఇది తెలుసుకుని వెళ్ళండి. 1915లో రెండు స్థానిక క్లబ్బులు కలిసి రియల్ యూనియన్ అయింది. స్పెయిన్ దేశవాళీ కప్పు కోపా దెల్ రే 1918, 1924, 1927లో గెలిచింది, అంతకుముందు 1913లో ఆ రెంటిలో ఒకటి గెలిచిన కప్పు కలిపితే నాలుగు. 1929లో లా లిగా మొదలుపెట్టిన పది జట్లలో ఇదొకటి. పేరున్న కోచ్ ఉనాయ్ ఎమెరీ తాత ఆంటోనియో ఈ జట్టు గోల్‌కీపర్, 2021లో ఎమెరీ క్లబ్బునే కొన్నాడు. 2008లో మూడో అంచెలో ఉండగా రియల్ మాడ్రిడ్‌ని కోపా నుంచి బయటికి పంపారు. ఇరున్‌లో 3-2 గెలిచి, మాడ్రిడ్ మైదానం బెర్నబెవులో 4-3తో ఓడి, మొత్తం 6-6, ఎదుటి జట్టు మైదానంలో కొట్టిన గోల్స్ ఎక్కువన్న లెక్కన పైకి. ఆ రాత్రి మాడ్రిడ్ తరఫున రౌల్ మూడు గోల్స్ కొట్టాడు, అయినా చివర్లో ఇరున్ జట్టు ఎనెకో రోమో కొట్టినదే నిలిచింది. పెద్దాయన ఆ మ్యాచ్ చెప్తున్నప్పుడు గింజలు ఒలవడం ఆపేశారు.

టీవీలో చూస్తే సరిపోదా అని అడిగేవాళ్ళకి. వెళ్ళలేని వారాల్లో నేనూ ఒక యాప్‌కి డబ్బు కట్టి ఈ అంచె మ్యాచ్‌లు చూశాను, పేరు రాయను. ఒకే కెమెరా, ఎత్తు మీద నుంచి, బంతి ఎటు పోతే అటు. స్ట్రైకర్ చేసే పనిలో ముప్పావు వంతు ఆ ఫ్రేమ్ బయటే ఉండిపోతుంది. గోల్ పడే క్షణానికి రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది, కస్టమర్ కేర్‌కి రాస్తే జవాబు రాలేదు. ఫలితం తెలుసుకోవడానికి అది చాలు, ఆట నేర్చుకోవడానికి చాలదు.

ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. పెద్ద తెర మీద రీప్లే కావాలనుకునేవాళ్ళకి, 90 నిమిషాల్లో నాలుగు గోల్స్ కావాలనుకునేవాళ్ళకి కష్టం. నేను చూసిన ఐదింటిలో రెండు గోల్ లేకుండానే ముగిశాయి. చిన్నపిల్లల్ని తీసుకెళ్తే మాత్రం చాలా బావుంటుంది, ఆటగాళ్ళు కంచె పక్కనుంచే నడిచి వెళ్తారు, పిల్లలు చెయ్యి చాపితే ఆగి కలుపుతారు. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ సగం తగ్గించింది తడిసిన బట్టలతో రైల్లో తిరిగి రావడం వల్ల.

ఇంకొక్క సలహా. విజిల్ ఊదగానే స్టేషన్‌కి పరిగెత్తకండి. ఎదుటి జట్టు బస్సు బయట నిలబడి ఉంటుంది, అక్కడ ఇరవై నిమిషాలు ఆగండి. నేను 19 పరుగులు లెక్కపెట్టిన ఆ మనిషి మడమకి ఐసు కట్టుకుని, భుజాన బ్యాగుతో చివర్లో వచ్చాడు. దగ్గరికెళ్ళి నాకొచ్చిన స్పానిష్‌లో బాగా ఆడారని చెప్పాను, నాది హైదరాబాద్ అని, అరిడానే మా జట్టుకి ఆడాడని చెప్పాను. ఆగాడు. బ్యాగు కింద పెట్టాడు. మైదానాలెలా ఉంటాయి, లీగ్ ఎలా ఉంటుంది అని అడుగుతాడనుకున్నాను. అక్కడ ఎండ ఎంత ఉంటుంది, అద్దిళ్ళు దొరుకుతాయా, కాంట్రాక్టు ఎన్ని నెలలకి రాస్తారు, ఎనిమిదేళ్ళ పాపకి ఇంగ్లీషులో చెప్పే స్కూలు ఉంటుందా అని అడిగాడు. నాకు తెలిసినవి చెప్పాను, గచ్చిబౌలి చుట్టుపక్కల స్కూళ్ళు చాలా ఉన్నాయని కూడా చెప్పాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. స్కూళ్ళ సంగతి ఇంకోసారి చెప్పమని ఫోన్ తీసి, నేను చెప్పినవన్నీ అందులో రాసుకుని బస్సెక్కాడు.